అజ్మత్ పాటలో రామవ్వ జాగా

ఆర్మూర్‌లో బ్యాండు దుకాణం నడిపే అజ్మత్‌కు ఊరికే కూర్చోవడం చేతకాదు. చాయ్ తాగుతున్నా వేళ్లు గ్లాసు మీద దరువేస్తూనే ఉంటాయి. తప్పు అతనిది కాదు, బరాత్‌లది. పెళ్లికొడుకు గుర్రమెక్కిన దగ్గర్నుంచి పెళ్లికూతురి గడప దాకా బాజా ఆగకూడదు. క్లారినెట్ వాడు ఊపిరి తీసుకుంటే డోలు వాడు అందుకోవాలి. క్షణం సద్దుమణిగిందా, పెళ్లివారు తిట్లు లంకించుకుంటారు. చిన్నప్పటి నుంచి అజ్మత్ ఆ భయంతోనే పెరిగాడు.

అలాంటి మనిషికి సొంత ఆల్బమ్ చేయాలనే పిచ్చి పట్టింది. అందులో అతను ప్రాణం పెట్టుకున్న పాట భాగ్యవ్వది. ఆమె వేల్పూర్ నుంచి వచ్చి ఇక్కడ పసుపు కొమ్ములు ఏరుతుంది. ఏరుతూ పాడుతుంటే విని, బతిమాలి, దుకాణం మీది గదిలో రికార్డు చేసుకున్నాడు.

"అంతా అయినంక నాకు ఇనిపియ్యాలె. నచ్చకుంటే నా పాట తీసెయ్యాలె," అంది భాగ్యవ్వ. అజ్మత్ ఒప్పుకున్నాడు.

ప్రతి చరణం తర్వాత ఆమె కాసేపు ఆగుతుంది. ఆ ఖాళీ వింటే అజ్మత్‌కు ఒళ్లంతా జెర్రులు పాకినట్టు ఉండేది. హైదరాబాద్ నుంచి వయొలిన్ల వాళ్లను పిలిపించి నింపాడు. చాలలేదు. దోస్తు జునైద్ చేత ఆఫ్రికా డోలు జెంబే కొట్టించాడు. ఆపైన అరబ్బుల డర్బుకా కూడా వచ్చి చేరింది.

"పెద్దామెను జర దమ్ తీస్కోనీయుండ్రి," అంది భార్య కుబ్రా.

"అందుకే గదా నింపుతున్న! ఆమె దమ్ తీస్కుంటున్నట్టు ఎవ్వలికి తెల్వొద్దు," అన్నాడు అజ్మత్.

భాగ్యవ్వ వినడానికి వచ్చిన రోజు అతను గదిలో నిలబడలేక, కూర్చోలేక సతమతమయ్యాడు. మొదటి చరణానికి ఆమె మురిసిపోయింది. అది అయిపోయి వయొలిన్లు, డోళ్లు ఒక్కసారి లేచేసరికి చెయ్యెత్తింది.

"ఆపు కొడుకా."

"ఏమైందవ్వా? సప్పుడు ఎక్కువైందా?"

"సప్పుడు మంచిగనే ఉంది. గాడ మాత్రం వద్దు."

"గాడ నువ్వు ఆగినవ్ గదవ్వా!"

"ఆగలే కొడుకా. గా జాగ మా రామవ్వది. నేను పాడినంక మా చెల్లె అందుకుంటుండె. పోయినేడు సచ్చిపోయింది. అది పాడేటంతసేపు నేను ఊకుంట. ఇప్పటికీ గంతే."

అజ్మత్‌కు తల కొట్టేసినట్టయింది. ఆమె ముందే కూర్చుని ఆ చోట ఉన్న వాయిద్యాలన్నీ తీసేశాడు. ఫోన్లో సంగతి చెబితే జునైద్ కాసేపు అలిగాడు కానీ, కాదనలేదు. భాగ్యవ్వ మళ్లీ మొదటి నుంచి చివరిదాకా విని, పాట ఉండనిమ్మంది.

ఆల్బమ్ వచ్చింది. దుకాణంలో ఎవరైనా ఆ పాట పెడితే చాలు, అజ్మత్ లేచి రోడ్డు మీదికి పోతాడు. అతని బ్యాండులో వాయించే మేము వెక్కిరిస్తాం. రామవ్వను అతను ఎన్నడూ చూడలేదు. అయినా ఆ ఖాళీ రాగానే ఆమె అందుకుంటుందేమోనని చెవి అటే పోతుందట, అందుకోకపోతే ఏడుపొస్తుందట.