ఆపా చదవని పుస్తకం

షట్టరును సగానికి లేపినప్పుడు వచ్చే ఆ కీచు శబ్దం నాకు ఇప్పటికీ పడదు. మొన్న జనగామలో మా బడి దగ్గరి పుస్తకాల కొట్టాయన మధ్యాహ్నం కునుకు తీసి లేచి, షట్టరును నడుమెత్తు వరకు లేపి ఆపేశాడు. బయట నిలబడ్డ నేను చెవులు మూసుకున్నాను. నా పక్కన మా తోటి టీచరు ఉంది. ఆమె అన్న కూతురికి వచ్చే ఆదివారం పన్నెండేళ్లు నిండుతాయి. "మీరు గూడ చర్చికి పోతరు గదా మేడం, మా పిల్లకు ఏ పుస్తకాలు మంచిగుంటయో మీకే తెలుస్తది" అని నన్ను వెంటబెట్టుకుని వచ్చింది. నాకే తెలుస్తుందట! ఈ మాట ఒకప్పుడు నేను నా నోటితోనే అన్నాను. దాని ఫలితం ఒక పసిపిల్ల అనుభవించింది.

అప్పుడు నేను మహబూబాబాదులో ఉండేదాన్ని. మా వాళ్ల నోట అది మానుకోట. డిగ్రీ అయిపోయి, టీచరు ఉద్యోగానికి చదువుకుంటూ, స్టేషన్ రోడ్డులో రజియా ఆపా నడిపే పుస్తకాల కొట్టులో పనికి కుదిరాను. ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆపాకు అప్పటికి యాభై దాటాయి. ఏడో తరగతి దాకా ఉర్దూలో చదువుకున్న మనిషి, తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక నేర్చుకుంది. అయినా కొట్టులోకి వచ్చిన పిల్లల పుస్తకం ఏదీ ఆమె చివరి పేజీ దాకా చదవనిదే బయటికి పోయేది కాదు. చదివాక ఒక చీటీ మీద పెన్సిలుతో రాసి లోపల పెట్టేది. ఆ పుస్తకం ఎవరికి ఇవ్వాలో రాసేది కాదు, ఎవరికి ఇవ్వకూడదో రాసేది. "తండ్రి లేని పిల్లలకు వద్దు." "నత్తి ఉన్న పోరగానికి వద్దు, నవ్వుతరు." రాముని కథలైనా, ప్రవక్తల కథలైనా, మా క్రైస్తవ పిల్లల కథలైనా అన్నిటికీ చీటీ పడాల్సిందే. అమ్మింది తక్కువ, చదివింది ఎక్కువ అని నేను ఆటపట్టించేదాన్ని.

ఒకసారి మరిపెడ నుంచి వచ్చిన ఒకాయన తన కూతురి కోసం రంగురంగుల అట్ట ఉన్న లావుపాటి పుస్తకం చేతికి తీసుకుంటే ఆపా అడ్డం పడింది. ఆయనకు కోపం వచ్చింది.

"పైసలిస్తున్న గదా, ఇయ్యనంటవేంది?"

"పైసల గురించి కాదన్నా. మీ బిడ్డకు చీకటంటె భయమని నువ్వే అంటివి. గీ కథల పిల్ల పాడుబడ్డ బాయిల పడ్తది. రేపట్నుంచి మీ ఇంట్ల ఎవలన్న నిద్రపోతరా?"

ఆయన నవ్వి ఇంకో పుస్తకం పట్టుకుపోయాడు. ఇంత చాదస్తం ఎందుకని మూడేళ్లలో ఒక్కసారైనా నేను ఆమెను అడగలేదు.

నేను చేరిన మూడో ఏడు తెలంగాణ రాష్ట్రం కోసం మా ఊళ్లన్నీ రోడ్ల మీదే ఉన్నాయి. రాస్తారోకోలు, వంటావార్పులు, ఇవాళ బంద్ అంటే రేపు రైల్ రోకో. చున్నీ నడుముకు బిగించి పాటలు పాడిన గుంపులో, కొట్లు మూయించిన గుంపులో నేను కూడా ఉన్నాను. ఆ వానాకాలంలోనే భూపాలపల్లిలో మా వదిన కామెర్లు ముదిరి చనిపోయింది. మా అన్న అక్కడ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఒక్కతే కూతురు, పేరు దీవెన. వదిన దవాఖానలో ఉన్నన్నాళ్లూ చూడవచ్చిన ప్రతివాళ్లూ ఆ పిల్ల తల మీద చెయ్యిపెట్టి, "ప్రార్థన చెయ్యి బిడ్డా, అమ్మ లేస్తది" అన్నారు. అమ్మ లేవలేదు. పిల్ల మాట్లాడటం మానేసింది. రెండు నెలలకు దాని పుట్టినరోజు వచ్చింది. మా వాళ్లలో పుట్టినరోజంటే ఇంట్లో అందరూ చేరి ప్రార్థన చేసే కృతజ్ఞత కూడిక పెట్టడం ఆనవాయితీ. తల్లి లేకుండా మొదటిది. అన్న ఫోన్ చేశాడు.

"పిల్ల నోరు తెరుస్తలేదు సుజాతా. బుక్కులంటె దానికి పానం. ఏదన్న మంచిది తే. నాకైతె ఏం సమజైతలేదు."

నేను బయలుదేరిన రోజు బంద్. బస్సులు అప్పటికే సమ్మెలో ఉన్నాయి. మా చర్చి సంఘం పెద్ద ఒకాయన జీపు నర్సంపేట మీదుగా భూపాలపల్లికి పోతోందని తెలిసి పరుగెత్తాను. ఆపా నా కోసం షట్టరు సగం లేపింది, వంగి లోపలికి దూరాను. దీవెన కోసం ఆమె అప్పటికే ఒకటి తీసిపెట్టి ఉంచింది. మొండి మేకపిల్లను పెంచుకునే ఒక పిల్ల కథ. నాకు ఒళ్లు మండింది. తల్లి పోయిన పిల్లకు మేక కథలేమిటి? విప్పిన కొత్త పార్సిలులో మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేస్తున్న అమ్మాయి బొమ్మ కనబడింది. ఇదే కావాలన్నాను.

"జర ఆగు బేటా. గది నిన్ననే వచ్చింది. నేనింక సదువలే."

"జీపు ఆగది ఆపా."

"ముప్పై పేజీలే. నిలబడే సదివి ఇస్త."

"మా పుస్తకాలు మాకు తెల్వయా ఆపా? మీకేం తెలుస్తది?"

ఆమె పుస్తకాన్ని కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. జీపులో కూర్చుని మొదటి నాలుగు పేజీలు తిరగేశాను. అమ్మకు జబ్బు చేసింది, పాప ప్రార్థన మొదలుపెట్టింది. సరిగ్గా మా దీవెన కథే అని మురిసిపోయి, పెన్ను తీసి లోపలి అట్ట మీద రాశాను: "దీవెనకు, నువ్వు కూడా ఈ పాపలాగే ఉండాలి. అత్త."

కూడికలో పుస్తకం చేతికిస్తే దీవెన అట్ట మీది బొమ్మను వేలితో తడిమింది. అందరిలో పొంగిపోయాను. పదిహేను రోజుల తర్వాత అన్న మళ్లీ ఫోన్ చేశాడు. పిల్ల అన్నం ముట్టడం లేదట. ఎలాగో వెళ్లి చూస్తే క్వార్టరు మెట్ల మీద కూర్చుని ఉంది, మెడ ఎముకలు తేలి. పక్కన కూర్చున్నాను.

"ఎందుకు తింటలేవు బిడ్డా?"

వాళ్లమ్మ పోయాక నేను దాని గొంతు వినడం అదే మొదలు.

"గా బుక్కుల పాప మూడు దినాలు ఉపవాసం ఉన్నది అత్తా. మంచినీళ్లు గూడ తాగలే. మూడోనాడు వాళ్లమ్మ లేచి కూసున్నది. నేను దవాఖానల రెండోనాడే బిస్కెట్లు తిన్న."

"అట్ల కాదురా…"

"మరి నువ్వే రాసిస్తివి గదా, గా పాపలెక్క ఉండాలని."

పుస్తకం తీసుకుని చివరి పేజీలు అప్పుడు చదివాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. తన తల్లిని తానే చంపుకున్నానని ఆ పిల్ల నమ్ముతోంది. ఆ మాట దానికి రుజువు చేసి, సంతకం పెట్టి ఇచ్చింది నేను.

మర్నాడు మానుకోట చేరి ఆపాకు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. పుస్తకం అడిగి తీసుకుని, గల్లా దగ్గర నిలబడే మొత్తం చదివింది. అద్దాలు తీసి తుడుచుకుంది. "నడు, పోదాం" అంది. బస్సుల్లేవంటే, లారీలున్నయి గదా అంది. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మనిషి నర్సంపేట దాకా ఆటోలో, అక్కడి నుంచి ఖాళీ లారీ క్యాబిన్లో వచ్చింది. దిగేసరికి ఆమె పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది.

ఆపా వెళ్లి దీవెనకు ఎదురుగా నేల మీద కూర్చుంది. దేవుడి గురించి ఏమీ చెప్పలేదు.

"నాకొక బిడ్డ ఉండె. నస్రీన్. నీ తీరుగనే బుక్కుల పురుగు. దానికి సదివి వినిపిద్దమనే నేను తెలుగు నేర్సుకున్న. పదకొండేండ్లకు జ్వరమొచ్చి పోయింది. నలబై దినాలు మొక్కుకుంట దువా చేసిన, ఉపాసం రోజాలున్న. ఇప్పుడు నువ్వు చెప్పు బేటా, నా దువా తక్కువైందా?"

దీవెన తల అడ్డంగా ఊపింది.

"మరి నీదెట్ల తక్కువైతది?"

ఆపా వెంట తెచ్చిన టిఫిను డబ్బా మూత తీసి రొట్టె ముక్క తుంచి చేతిలో పెడితే దీవెన తిన్నది. గుమ్మంలో నిలబడి నేను ఏడ్చాను. మూడేళ్లు ఆ కొట్టులో ఆ చీటీల మధ్య తిరిగాను. వాటి వెనుక ఒక పిల్ల ఉందని నాకు తెలియనే లేదు.

తిరిగి వచ్చేటప్పుడు, ఆనాడు కొట్టులో నేను అన్న మాటకు క్షమించమని అడిగాను. ఆపా లారీ కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"తప్పు నాది గూడ ఉన్నది. సదువని బుక్కు ఎన్నడు పోనియ్యలే నేను. నువ్వట్ల అన్నంక రోషమొచ్చింది. రోషానికి పోయి ఊకున్న."

ఆమెను తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మాటే. తప్పులో తన వంతు అంత నిక్కచ్చిగా తీసుకున్న మనిషిని మళ్లీ చూడలేదు. రాష్ట్రం వచ్చిన రోజు ఆపా కొట్టు ముందు మిఠాయి పంచింది. మరుసటి ఏడు రంజానుకు ముందు పోయింది.

మొన్న జనగామ కొట్టులో నా తోటి టీచరును విసిగించాను. ఆ పిల్లకు ఏమంటే భయం, ఇంట్లో ఎవరున్నారు, ఈ మధ్య ఎవరైనా పోయారా అని. రెండు పుస్తకాలు చివరిదాకా చదివాక గానీ బిల్లు వేయనివ్వలేదు. ఇంటికొచ్చి దీవెనకు ఫోన్ చేశాను. ఇప్పుడు హనుమకొండలో నర్సు. ఆపా మాట తెచ్చాను.

"ఆపా చెప్పింది నేను ఆనాడు నమ్మలే అత్తా. ముసలామె, కాళ్లు వాచినయి, అంత దూరమొచ్చింది. తినకపోతె బాధపడ్తదని తిన్న."

"ఇప్పుడు?"

"ఒక్కోనాడు నమ్ముత. ఒక్కోనాడు నమ్మ."

నన్ను క్షమించావా అని దీవెనను నేను ఇంతవరకు అడగలేదు. ఫోన్ పెట్టేసే ముందు కూడా నోటి దాకా వచ్చింది. అడిగితే ఔననే అంటుంది, నేను బాధపడతానని. అందుకే అడగను.