దొంగ కడుపు

పిట్టలవానిపాలెంలో మాణిక్యాంబ పేరు చెబితే ముందు ఆమె కోపం గురించే చెబుతారు. కాలవ నీటి వంతు దగ్గర మగవాళ్ళు కూడా ఆమెతో మాట పెట్టుకోరు. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళేనాటికి మాత్రం ఆమె నలుగురిలో గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే పిల్ల.

ఆ పెళ్ళి 1961లో జరిగింది. అప్పటికామెకు పదిహేడేళ్ళు. భర్త బసవేశ్వరరావుది రేపల్లె పక్క పల్లె. ఎనిమిదెకరాల మాగాణి, ఒక్కడే కొడుకు. తల్లి మంగాయమ్మ గీసిన గీత దాటని మనిషి. చెడ్డవాడని ఎవరూ అనరు. గట్టివాడనీ అనరు.

మూడో ఏడు నుంచి మాణిక్యాంబకు నెలసరి అంటే వణుకు పుట్టేది. రెండు రోజుల ముందే పొత్తికడుపులో మెలిపెట్టడం మొదలయ్యేది. ఇక రక్తం ఎనిమిది రోజులు, తొమ్మిది రోజులు. పాత చీరలు ఎన్ని చించినా చాలేవి కావు. పొయ్యి ముందు నిలబడి వండుతుంటే పాదాల దాకా కారేది. గోడ పట్టుకుని ఆగితే మంగాయమ్మ వాకిట్లోంచే కేకేసేది.

"ఏమే, నీ ఒక్కదానికేనా నెలొచ్చేది? మేం ఆడవాళ్ళం కాదా? ఒక్క కానుపైతే ఆ నెప్పి అదే పోతుంది."

కానుపైతే నొప్పి పోతుందని అందరూ చెప్పారు. ఆ నొప్పే కానుపును రానివ్వడం లేదేమోనని ఒక్కరికీ తోచలేదు. 1965లో ఒకసారి నెల తప్పింది. మూడో నెలలో అది కాస్తా పోయింది. అప్పుడు రేపల్లెలో ఒక డాక్టరు దగ్గరికి తీసికెళ్ళారు. ఆయన ఆమె మీద చెయ్యి వెయ్యలేదు. నాలుక చూశాడు, కళ్ళు చూశాడు, "నరాల బలహీనత, పిరికితనం ఎక్కువ" అని బసవేశ్వరరావుతో చెప్పి టానిక్కు రాశాడు.

"నెప్పండి, ఓర్చుకోలేకపోతున్నానండి" అని ఆమె గొణిగింది.

"ధైర్యంగా ఉండాలమ్మా" అన్నాడాయన, తరవాతి మనిషిని పిలుస్తూ.

రెండేళ్ళు గడిచాయి. 1967 మాఘంలో నెల రాలేదు. పొత్తికడుపు కొంచెం ఎత్తుగా, చేతికి గట్టిగా తగిలింది. మంత్రసాని వచ్చి తడిమి చూసి, "మూడో నెల, అనుమానం లేదు" అంది. మంగాయమ్మ ఆనందం పట్టలేక రోకలి తనే పట్టి నువ్వులూ బెల్లమూ దంచింది. ఇరవై ఇళ్ళకు చిమ్మిలి పంచింది. ఆ పది రోజులూ మాణిక్యాంబను కూర్చోబెట్టి వడ్డించింది.

పదకొండో రోజున రక్తం కనిపించింది. ఎప్పుడూ వచ్చే రక్తమే, ఎప్పుడూ ఉండే నొప్పే. అది కడుపు పోయినప్పటి రక్తం కాదని చూసినవాళ్ళకు తెలిసిపోయింది. మంత్రసాని తన మాట దక్కించుకోవడానికి, "ఆ పిల్లే కదా మూడో నెలని చెప్పింది" అని తప్పుకుంది. మాణిక్యాంబ అలాంటి మాట అనలేదు. అనలేదని ఎవరితో చెప్పినా వినలేదు.

"దొంగ కడుపు చూపించి నా చేత ఊరంతా చిమ్మిలి పంచిపెట్టించింది" అని మంగాయమ్మ వీధిలో నిలబడి గుండెలు బాదుకుంది. అంతే, ఆ మాట అంటుకుపోయింది. బావి దగ్గర ఆడవాళ్ళు ఆమె వెనక "దొంగ కడుపు వెళుతోంది" అనుకునేవారు. ఆమె వినేది. బిందె నింపుకుని వచ్చేది.

మరుసటేడు మంగాయమ్మ కొడుక్కి రెండో సంబంధం చూసింది. పిల్ల పేరు తులసి. ఊరు వడ్లమూడి, తండ్రి లేడు, పద్దెనిమిదేళ్ళు. భార్య ఉండగా రెండో పెళ్ళి చట్టం ఒప్పదని తెలిసే, గుడిలో నలుగురి మధ్య కానిచ్చేద్దామనుకున్నారు.

"నిన్ను పొమ్మనడం లేదు కదా మాణిక్యం" అన్నాడు బసవేశ్వరరావు. "ఇద్దరూ అక్కచెల్లెళ్ళలా ఉండండి. అమ్మ కూడా నిన్నే ముందుండి జరిపించమంటోంది."

మాణిక్యాంబ ఏడేళ్ళలో మొదటిసారి అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"నా కడుపులో ఏముందో ఒక్కసారి సరిగా చూపించారా మీరు? గేదె పాలివ్వకపోతే పశువుల డాక్టరు కోసం బాపట్ల దాకా వెళ్ళారు. నాకు టానిక్కు తెచ్చారు."

అతను తల దించుకున్నాడు. పెళ్ళి మాత్రం ఆపలేదు. ముహూర్తం రోజు పొద్దున్నే ఆమె ట్రంకు పెట్టె పట్టుకుని బాపట్ల బస్సెక్కింది.

పిట్టలవానిపాలెంలో తండ్రి పసుపు కుంకుమల కింద ఇచ్చిన రెండెకరాలు ఆమె పేరనే ఉన్నాయి. అన్న వెంకటకృష్ణయ్య కేసు వేద్దామన్నాడు. "వద్దన్నయ్యా. కోర్టులో నా నెలసరి గురించి మగాళ్ళంతా మాట్లాడతారు, నేను నిలబడి వినాలి" అంది. ఆరేళ్ళు తన పొలం తనే చేసుకుంది. నెలకు పది రోజులు నొప్పి, మిగతా ఇరవై రోజులు దాని నీరసం. రక్తం లేక అరచేతులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి.

1974లో ఊడ్పుల వేళ, కూలివాళ్ళకు నారు కట్టలు అందిస్తూ ఆమె మడిలోనే కూలబడింది. చుట్టూ నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆ ఊరి మనిషే రాజమ్మ, బాపట్లలో నర్సుగా చేసేది, ఆ రోజు ఇంటి దగ్గరే ఉంది. పరుగెత్తుకొచ్చి చూసి, "దీన్ని రేపటిదాకా ఉంచితే దక్కదు" అని వెంకటకృష్ణయ్యను వెంటపెట్టుకుని తెనాలి రైలెక్కించింది. అక్కడ తనకు తెలిసిన లేడీ డాక్టరు ఉంది.

ఆ డాక్టరమ్మ రెండు చేతులతో పొత్తికడుపు పరీక్ష చేసింది. లోపల కూడా చూసింది. మాణిక్యాంబ పళ్ళు బిగపట్టింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలా?"

"పదేళ్ళు దాటిందండి."

"ఎవరూ చూడలేదా?"

"చూశారండి. మొహం చూసి పంపించారు."

మూడు సీసాల రక్తం ఎక్కించారు. ఒకటి అన్న ఇచ్చిందే. ఇక వేరే దారి లేదని చెప్పి, ఆమె ఒప్పుకున్నాక గర్భసంచి తీసేశారు. దాన్ని పరీక్షకు గుంటూరు పంపారు. మూడు వారాలకు కాగితం వచ్చింది. దాని మీద అడినోమయోసిస్ అని ఉంది.

"అంటే ఏంటండి?"

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "గర్భసంచి లోపల ఒక పొర ఉంటుందమ్మా. నెలనెలా ఊడి బయటికొచ్చేది అదే. నీకు ఆ పొర సంచి గోడలోకి, కండలోకి చొచ్చుకుపోయింది. నెల వచ్చినప్పుడల్లా కండ లోపల కూడా రక్తం ఊరుతుంది. బయటికొచ్చే దారి లేదు. కండ వాచి గట్టిపడుతుంది. అందుకే అంత నెప్పి, అంత రక్తం. సంచి కూడా పెరుగుతుంది. నీది మూడో నెల గర్భమంత ఉంది."

మాణిక్యాంబ తన పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుంది. తరవాత అడిగింది. "చేత్తో తడిమితే కడుపొచ్చిందనుకుంటారా?"

"తెలియనివాళ్ళు అనుకుంటారు."

"పిల్లలు పుట్టకపోవడం కూడా దీనివల్లేనా?"

"కావచ్చు. ఇలాంటి సంచిలో పిండం కుదురుకోవడం కష్టం, కుదురుకున్నా నిలవడం కష్టం. అయితే ఇది ఉన్నా పిల్లల్ని కన్నవాళ్ళు లేకపోలేదు. ఇదొక్కటే కారణమని ఒట్టేసి చెప్పలేను."

"ముందే తెలిసేదా అండి?"

"ఖాయంగా తెలిసేది కాదు. సంచి తీసి పరీక్ష చేస్తేనే ఇప్పటికీ రూఢి అవుతుంది. కానీ చెయ్యి పెట్టి చూసుంటే ఏదో ఉందని తెలిసేది. నెప్పి తగ్గించడానికి, రక్తం పట్టడానికి ఎంతో కొంత చేసేవాళ్ళు. నీకు పిరికితనం అని మాత్రం అనేవాళ్ళు కాదు."

ఏడుస్తుందేమోనని రాజమ్మ ఆమె భుజం పట్టుకుంది. మాణిక్యాంబకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంట పుట్టింది. "ఇదంతా నాకు తెలుగులో రాసివ్వండి డాక్టరమ్మగారూ" అంది.

కుట్లు మానేదాకా ఓపిక పట్టి, ఆ కాగితంతో రేపల్లె బస్సెక్కింది. ఆరేళ్ళ తరవాత ఆ గుమ్మం తొక్కింది. మంగాయమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. బసవేశ్వరరావు మంచం మీంచి లేచాడు. లోపలి నుంచి తులసి నాలుగేళ్ళ కూతుర్ని ఎత్తుకుని గడపలోకి వచ్చింది.

మాణిక్యాంబ కాగితం అతని చేతిలో పెట్టింది. "గట్టిగా చదవండి. అత్తయ్యకు వినపడాలి."

అతను చదివాడు. గర్భసంచి అన్న మాట దగ్గర గొంతు తగ్గించాడు. ఆమె మళ్ళీ గట్టిగా చదివించింది. పక్కింటి ఆడవాళ్ళు దడి దగ్గరికి వచ్చారు.

"అయితే ఏంటే ఇప్పుడు?" అంది మంగాయమ్మ, చేతిలో చింతపండు వదలకుండా. "మాకేమన్నా కలొచ్చిందా?"

"అప్పుడెవరికి తెలుసు మాణిక్యం" అన్నాడు బసవేశ్వరరావు.

"తెలీదు. జబ్బు పేరు డాక్టరుకే తెలీదు. కానీ నెప్పి అని నేను చెప్పానా లేదా? నెలనెలా చెప్పానా లేదా? అది నమ్మడానికి గుంటూరు కాగితం కావాలా మీకు? దొంగ కడుపన్నారు. నా కడుపు అబద్ధం చెప్పలేదు. మీరే దాన్ని దొంగను చేశారు!"

ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించింది. మంగాయమ్మ క్షమించమని అనలేదు. "గొడ్డుదానికి నోరెక్కువ" అని చింతపండు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. బసవేశ్వరరావు కాగితం మడతపెట్టి తిరిగి ఇవ్వబోయాడు. "అది మీకే. మీ దగ్గరే ఉంచండి, ఇంకోటి రాయించుకున్నాను" అని ఆమె వచ్చిన దారిన వెళ్ళిపోయింది.

రెండు నెలలకు, ఒక మధ్యాహ్నం తులసి పిట్టలవానిపాలెంలో దిగింది. కూతురు పక్కనే ఉంది. తను చీర కొంగుతో పొట్టను గట్టిగా నొక్కి పట్టుకుంది.

"ఎందుకొచ్చావ్?"

"ఆ కాగితంలో రాసినవన్నీ నాకూ ఉన్నాయి అక్కయ్యా. ఈ పిల్ల పుట్టాక మొదలైంది. ఓర్చుకోమంటున్నారు."

మాణిక్యాంబకు తలుపు మొహానే వేసేయాలనిపించింది. ఈ తులసిని తెచ్చుకోవడం కోసమే తనను మనిషిగా లెక్క చెయ్యలేదు. ఒక పిల్లను కన్నాక దీన్నీ అదే మాటలతో కొడుతున్నారు. ఆ ఇంటి మీది కోపం, తులసి మీది కోపం కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా పోయింది.

"నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అది పోదు" అంది. "కూర్చో. అన్నం తిను. పొద్దున రైలుకు తెనాలి వెళదాం."

మర్నాడు డాక్టరమ్మ తులసిని చూసి, ఇది వేరే జబ్బు, కానుపప్పుడు పట్టిన వాపు మాత్రమే, మందులతో తగ్గుతుందని చెప్పింది. బయట వరసలో కూర్చున్న ఒకాయన పక్కనున్న భార్యతో, "ఆడవాళ్ళకు అది మామూలే, ఇంటికెళదాం పద" అంటున్నాడు. మాణిక్యాంబ ఆగి అతని వైపు తిరిగింది.

"మామూలో కాదో ఆవిణ్ణి చెప్పనివ్వు బాబాయ్. నువ్వు నోరు మూసుకుని కూర్చో."