సముద్రం వెనక్కి పోయిందన్న మంచి కబురు

2012 ఏప్రిల్. శంషాబాద్ విమానాశ్రయం పక్కన, అక్కడ పనిచేసే కాంట్రాక్టు కార్మికుల కోసం నడిచే ఒక చిన్న క్లినిక్‌లో నేను నర్సుని. రెండు మంచాలు, ఒక ఈసీజీ మిషను, ఒక టీవీ, ఒక ల్యాండ్‌లైను ఫోను, ఒక డాక్టరుగారు. మాది పక్కనే తొండుపల్లి. అప్పటికి నా సర్వీసు పద్నాలుగేళ్లు. కంగారుపడే మనిషిని దారికి తేవడంలో నన్ను మించినవాళ్లు లేరని నాకో గర్వం ఉండేది. పేషెంటు చెప్పేది సగం వినడం, మిగతా సగం నేనే చెప్పేయడం నా అలవాటు.

ఆ బుధవారం మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో ఇద్దరు మనుషులు పోలయ్యను చెరో రెక్క పట్టుకుని తీసుకొచ్చారు. టెర్మినల్‌లో ఏసీలు చూసే మెకానిక్కు, ముప్పై అయిదేళ్లుంటాయి. ఛాతీ పట్టేసిందంటున్నాడు, ఊపిరి అందడం లేదంటున్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది, చేతివేళ్లు కొంకర్లు పోతున్నాయి.

మా పనిలో ట్రయాజ్ అని ఒకటుంది. ఏ ప్రమాదాన్ని ముందు చూడాలో తేల్చుకోవడం. ఛాతీ నొప్పి అంటే ముందు గుండె. ఈసీజీ తీశాం, బాగుంది. వేలికి క్లిప్పు పెట్టి చూస్తే ఆక్సిజన్‌కూ లోటు లేదు. డాక్టరుగారు "హైపర్‌వెంటిలేషన్" అని తేల్చారు. భయంతో మరీ వేగంగా ఊపిరి తీస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడు పడిపోయి వేళ్లు అలా వంకర్లు పోతాయి. మందు కన్నా మాట ఎక్కువ పనిచేసే జబ్బు. అంటే నా శాఖ.

"జర నిమ్మళంగ ఊపిరి తియ్యన్నా. నీ గుండె మంచిగున్నది. ఏమైంది? ఎవలన్న తిట్టిన్రా?"

"టీవీ చూశాను సిస్టర్. సుమత్రా కాడ భూకంపం వచ్చిందంట, సునామీ హెచ్చరిక ఇచ్చారు. మా యావిడా పాపా మా ఊళ్లో ఉన్నారు. ఫోను కలవట్లేదు."

అతని ఊరు ప్రకాశం జిల్లాలో సముద్రం ఒడ్డున చిన్న పల్లె. భార్య సుజాత మాత్రం మన తుక్కుగూడ పిల్లే. బావగారి కూతురికి ఓణీల ఫంక్షన్ ఉందని ఏడేళ్ల పాపతో మూడు రోజుల ముందే వెళ్లింది. సెలవు దొరకక ఇతను ఇక్కడే ఉండిపోయాడు.

నేను ముందుగా చేసిన పని క్లినిక్‌లో టీవీ కట్టేయడం.

"ఆపొద్దు సిస్టర్, వార్తలు చూడాలి!" అన్నాడు పోలయ్య.

"సూసిన కొద్ది బుగులైతది. ఊకో" అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అతని ఫోను పక్కన పెట్టించి, ల్యాండ్‌లైను నుంచి సుజాత నంబరు నొక్కడం మొదలుపెట్టాను. బిజీ, మళ్లీ బిజీ. వేలు నొప్పి పుట్టాక ఎట్టకేలకు కలిసింది. అవతల గాలి హోరు, పిల్లల నవ్వులు.

"నేను శంషాబాద్‌ల క్లినిక్ సిస్టర్‌ను మాట్లాడుతున్న. మీ ఆయన ఈడ మంచిగనే ఉన్నడు గని మీ గురించి పరేషాన్ అయితుండు. ఆడ ఎట్లున్నది చెల్లె?"

"మాకేమైందక్కా? ఊరోళ్లంత ఫంక్షన్ పందిట్ల ఉన్నరు. పిల్లలు సతాయిస్తుంటె నేనే సముద్రం కాడికి తోల్కొచ్చిన. పొద్దుగాల గీడిదాంక ఉండె నీళ్లు, ఇప్పుడు మస్తు దూరం వెనక్కి పోయినయ్. పిల్లలు లోపటిదాంక పోయి గవ్వలు ఏరుతున్నరు."

నా ప్రాణం కుదుటపడింది. మా వైపు నీళ్లంటే బోరు, కుంట, వానాకాలంలో హిమాయత్‌సాగర్. వాగు పొంగిన రోజున అందరూ అడిగేది "నీళ్లు తగ్గినయా?" అనే. తగ్గాయంటే గండం గడిచినట్టే. ఆమెదీ ఈ నేలే, ఆమెకూ అలాగే అనిపించింది.

"గట్లనా! అయితే తొందరేం లేదు చెల్లె, ఆడుకోనియ్" అన్నాను. రిసీవరు చేత్తోనే పట్టుకుని, నవ్వుతూ పోలయ్య వైపు తిరిగాను. "ఇగ బేఫికర్ అన్నా! నీళ్లు వెనక్కి పోయినయంట. పిల్లలు లోపటికి పోయి గవ్వలు ఏరుతున్నరంట."

చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే. పోలయ్య మంచం మీద నుంచి లేచిన తీరుకు వేలి క్లిప్పు ఎగిరి గోడకు తగిలింది. నా చేతిలో రిసీవరు లాక్కున్నాడు. ఒక్క నిమిషం ముందు ఊపిరి అందడం లేదన్న మనిషి గొంతుకు క్లినిక్ అద్దాలు అదిరాయి.

"సుజాతా! గవ్వలు పారెయ్! పాపనెత్తుకో, పిల్లల్ని లాక్కో, పరిగెత్తు! తుఫాను షెల్టర్ మేడెక్కు! పందిట్లో వాళ్లకి అరిచి చెప్పు, అందర్నీ ఎక్కమను! వెనక్కి చూడమాక, పరిగెత్తు!"

లైను తెగిపోయింది.

"నీళ్లు పోయినయ్ గద అన్నా?" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"పోయిన నీళ్లు తిరిగొస్తాయి సిస్టర్. అట్టా వచ్చేదే సునామీ."

నేల మీద కూర్చుండిపోయి చెప్పాడు. 2004లో మొదట నీళ్లు పడవల దాకా పొంగి, తర్వాత ఎవరో లాగేసినట్టు వెనక్కి పోయాయట. ఎన్నడూ చూడని ఇసుక బయటపడి, దాని మీద చేపలు ఎగిరిపడుతుంటే వాళ్లక్క గంప తీసుకుని దిగిందట.

"తర్వాత వచ్చింది మామూలు అల కాదు సిస్టర్. అలయితే విరిగిపోద్ది. ఇది ఆగలా. సముద్రమంతా లేచి ఊళ్లోకి నడిచొచ్చినట్టు వచ్చింది. పడవలు తీసుకెళ్లి ఇళ్ల మీద పడేసింది. పోయేటప్పుడు ఇళ్లనీ మనుషుల్నీ లాక్కుపోయింది. బావుల్లో ఉప్పునీళ్లు, వలలన్నీ ముక్కలు. అక్క మూడో రోజు దొరికింది. అప్పుడు నడిసముద్రంలో వేటలో ఉన్న మా నాన్నకైతే ఏమీ తెలవలా. లోతు నీళ్లలో అది విమానమంత స్పీడుగా పోద్దంట, పడవ కింద నుంచి పోయినా తెలవదు. ఒడ్డు కాడ లోతు తగ్గాకే పైకి లేస్తది."

నేను వెళ్లి టీవీ పెట్టాను. అతని పక్కనే నేల మీద కూర్చుని ఫోను వైపు చూస్తూ ఉండిపోయాను. ఆ ముప్పావుగంటలో నేను మొక్కని దేవుడు లేడు.

ఫోను మోగింది. ఎత్తింది నేనే.

"అక్కా, షెల్టర్ మీద ఉన్నం. అందరం మంచిగున్నం. ఆయనకియ్యి ఫోను, నాకు కోపమున్నది."

పోలయ్యకిచ్చాను. ఆమె మాటలు గదంతా వినపడుతున్నాయి. "గట్ల ఒర్రుతరా ఎవలన్న? ఉరికి ఉరికి నా చెప్పులు తెగినయ్. పంతులు మంత్రాలు ఇడిసిపెట్టి మాకన్న ముందు మేడెక్కిండు! ఓణీల పిల్ల పూలజడ ఊడిపోయి ఏడుస్తున్నది. నీళ్లేమో మళ్ల ఎప్పటి లెక్కనే ఉన్నయ్. అది రోజూ నీళ్లు ఎనక్కి పోయి మళ్లొచ్చే ఆటుపోటేనంట, మీ అన్న నవ్వుతున్నడు!"

పోలయ్య ఏడుస్తూ నవ్వుతున్నాడు. డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. నేను మాత్రం బాహాటంగానే ఏడ్చాను. నా డ్యూటీ అయ్యేసరికి హెచ్చరిక ఎత్తేశారని టీవీలో చెప్పారు.

అంత పెద్ద భూకంపం వచ్చీ సముద్రం ఎందుకు ఊరుకుందో మర్నాడు డాక్టరుగారు పేపరు చదివి చెప్పారు. నీళ్లు నిండిన బేసిన్‌లో, దూదీ కత్తెరలూ పెట్టుకునే మా కిడ్నీ ట్రే ముంచి, అడుగు నుంచి ఒక్కసారి పైకెత్తారు. నీళ్లు పొంగి నా చీర తడిసింది. "సముద్రం అడుగున ఒక రాతి పలక ఇంకో పలక కిందికి దూరుతున్నప్పుడు, పైపలక పట్టు తప్పి ఒక్కసారి లేస్తే ఇలా అవుతుంది. 2004లో జరిగింది అదే." తర్వాత అదే ట్రేని నీళ్ల అడుగున పక్కకు జరిపారు. పైన నీళ్లు కొద్దిగా ఊగాయి, అంతే. "నిన్న పలకలు ఒకదాని పక్కన ఒకటి జారాయట. నీళ్లను పెద్దగా ఎత్తలేదు. బతికిపోయాం."

సోమవారం సుజాత పాపను వెంటబెట్టుకుని క్లినిక్‌కు వచ్చింది. ఆ పరుగులో అరికాలికి గవ్వ గుచ్చుకుంది. నేను గాయం కడుగుతుంటే అడిగింది: "అక్కా, నువ్వేమో తొందరేం లేదంటివి, ఆయనేమో ఉరుకుమనె. ఇద్దర్ల ఎవలి మాట ఇనాలె?"

"ఆయన మాటనే చెల్లె. నాకు సముద్రం తెల్వదు."

పేషెంటు ముందు తెల్వదు అనడం నాకు అదే మొదటిసారి. ఇప్పుడు తరచుగానే అంటున్నాను. "ఏం కాదు" అని ధైర్యం చెప్పేముందు, దేనికి భయపడుతున్నావో చెప్పమని అడిగి, చెప్పిందంతా వింటున్నాను. ఆ రోజు పోలయ్య నా పక్కన లేకపోతే, సముద్రం నిజంగానే తిరిగొచ్చి ఉంటే, సుజాత విన్న ఆఖరి మాట నా "తొందరేం లేదు" అయ్యేది.

అరికాలి గాయం అంగుళం కూడా లేదు. పాప తల్లి భుజం మీద వాలి చూస్తోంది. ఇన్నేళ్లలో నేను ఇంత సంతోషంగా ఎవరికీ కట్టు కట్టలేదు.