నీళ్లు పెట్టిన కరువు

పక్క పొలంలో ఆయిల్ ఇంజన్ టకటకమంటూ మొదలైంది. ఆ చప్పుడుకు, ఆ పొగ వాసనకు నాకు ఓబులయ్య సారు గుర్తొస్తారు. వెంటనే కోపమూ వస్తుంది. ఆయన మీద మహాకావ్యం రాయబోతున్నాను: యుద్ధం, ద్రోహం, వీరమరణం. అయితే యుద్ధం జొన్నచేలో జరిగింది, ద్రోహం చేసింది బావినీళ్లు, వీరుడు మరణించలేదు. పోయిన నెల కూడా నంద్యాల సంతలో వంకాయలు ఏరుకుంటూ కనిపించారు.

కర్నూలు రాజధాని అయిన ఏడు నేను నంద్యాల దగ్గర ఒక విత్తనాల ఫారంలో, సారు కింద గుమాస్తాగా చేరాను. అంతకుముందొక వానల్లేని ఏడు ఆయన ఆళ్లగడ్డ వైపు తిరుగుతూ, రామక్క అనే రైతు రాళ్ల గరుసు చేలో, చుట్టూ పైరంతా మాడిపోయినా నిలబడిన కొన్ని కంకులు అడిగి తెచ్చుకున్నారట. వాటినే ఏటా విత్తి, బలహీనమైనవి పీకేసి, మంచి కంకులకు పరాయి పుప్పొడి అంటకుండా కాగితం సంచులు తొడిగి కాపాడేవారు. జొన్నలకు టోపీలు పెట్టారు, పెళ్లెప్పుడని నేనడిగితే, "కరువొచ్చినప్పుడప్పా" అన్నారు. వేళాకోళం కాదు. వాన పడితే ఏ జొన్నయినా పండుతుంది. సీమంతా వాన కోసం మొక్కుతుంటే మా సారొక్కరే మబ్బుల్ని అనుమానంగా చూసేవారు.

మూడేళ్లకు కరువు వచ్చింది. ఆ పంటలో నెగ్గితేనే విత్తనం రైతులకు పంచుతారు, లేకుంటే ఆ రకాన్ని తీసేస్తారు. పరీక్ష మడుల్లో మిగతా రకాల ఆకులు చుట్టుకుపోతుంటే సారు జొన్న పచ్చగా నిలిచింది. సరిగ్గా అప్పుడు పై అధికారి వచ్చారు. ఎవరో పెద్దాయన చూడవస్తున్నారట, ఫారం ఎండినట్టు కనపడకూడదట. కరువు వల్ల పరీక్ష చెడిపోకుండా ఇంజన్ పెట్టి అన్ని మడులకూ నీళ్లు పారించమన్నారు. కరువుకు తట్టుకుంటాయో లేదో చూసే మడులకు! ఈత పందేనికి ముందు బావి తోడించేసే మహానుభావుణ్ణి నేను మళ్లీ చూడలేదు.

సారు గొంతు పెంచలేదు. "నీళ్లు పెడితే ఏ జొన్నైనా బతుకుతాది సార్. దీన్ని తినేటోళ్లకు ఇంజన్లు యాడుండాయి?" అన్నారు. అధికారి గడియారం చూసుకున్నారు.

మడులన్నీ కోలుకున్నాయి. నేను నివేదిక రాస్తుంటే సారు పక్కన నిలబడి, నీళ్లు పెట్టిన సంగతి రాయమన్నారు. రాశాను. అధికారి ఎర్రసిరాతో కొట్టేశారు. సారు మళ్లీ రాయమంటే, ఉద్యోగం పోతుందేమోనని నసిగాను.

"ఉద్యోగం పోతే ఇంకొకటి దొరుకుతాది. ఈ మాట పోతే యాడ దొరుకుతాదప్పా?"

రాశాను. మళ్లీ కొట్టేశారు. మూడోసారి చోటు లేక అంచున రాశాను. ఉద్యోగం పోలేదు, ఎందుకంటే అంచులెవరూ చదవరు. మిగతా రకాలతో తేడా ఏమీ కనబడలేదు గనుక ఈ రకం ఆపివేయవలెనని ఉత్తరువు వచ్చింది.

పారేయమన్న విత్తనాన్ని సారు సంచికెత్తి, బస్సులో రామక్క దగ్గరికి తీసుకెళ్లారు. కన్నీళ్లుంటే తుడుద్దామని నేనూ వెళ్లాను. ఆమె గుప్పెడు గింజలు తీసి చూసి, "నా జొన్నలు నాకిచ్చేదానికి ఇన్నేండ్లు పట్టెనా ఓబులప్పా?" అంది. సారు నవ్వేశారు. నాకు మాత్రం ఇవాళ్టికీ నవ్వు రాదు. ఎవరు ఏ గొప్ప ఫలితం ముందుపెట్టినా, దీనికి నీళ్లెవరు పెట్టారని అడుగుతాను. ఆ అలవాటు ఆయనదే. దానివల్ల నన్ను ఏ సభకూ పిలవరు.

ఆ జొన్న ఆళ్లగడ్డ గరుసు చేలల్లో ఇప్పటికీ పండుతోంది. దానికి పేరు లేదు. రొట్టె కాస్త గట్టి, వేడిమీదే తినాలి.