నా తలలో దాచిన ఇరవై నాలుగు మాటలు

మా తమ్ముడు ఆ డబ్బాను మదనపల్లెలో మా ఇంటికే తెచ్చి విప్పాడు. వాడుండేది కుప్పం. రోజూ పొద్దున్నే రైలెక్కి బెంగళూరులో ఒక కంపెనీకి పోయి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతాడు. ఆ రైల్లోనే వాడికి ఈ క్రిప్టో అనే, ఫోన్లో కొని దాచుకునే కనపడని డబ్బు పిచ్చి అంటుకుంది. జీతంలో మిగిలినదంతా కొన్నేళ్ళుగా అందులోనే వేస్తూ వచ్చాడు. పుంగనూరులో అత్తగారింటికి దగ్గర్లో ఒక ఇంటి స్థలం కొనాలని వాడి ఆశ. ఆ ఆశంతా వాడి ఫోన్లో ఉండేది. రైల్లో ఒకతనికి ఎవరో దొంగ లింకు పంపి, ఫోన్లో ఉన్నదంతా ఊడ్చేశారట. ఆ మాట విన్నప్పటినుంచి వీడికి కంటిమీద కునుకు లేదు.

డబ్బాలోంచి చూపుడువేలంత వస్తువొకటి తీశాడు. చిన్న అద్దం, రెండు బొత్తాలు.

"ఇంతేనా? దీన్లో నీ స్థలం పడ్తాదా?" అన్నాను.

"స్థలం దీన్లో ఉండదక్కా, తాళంచెవి ఉంటాది. దీన్ని హార్డ్‌వేర్ వాలెట్ అంటారు. ఫోన్లో దొంగ దూరినా దీంట్లోకి రాలేడు."

రైల్లో ఒకడు, తాను వాడినదాన్నే సగం ధరకు ఇస్తానన్నాడట. మాటలు కూడా ముందే రాసిపెట్టిన చీటీతో సహా. వీడు వద్దన్నాడు. "మాటలు వాడే రాసిచ్చినాడంటే ఇంకో తాళంచెవి వాడి జోబీలో ఉన్నట్టే గదక్కా!" అన్నాడు. తయారుచేసిన కంపెనీ నుంచే తెప్పించుకున్నాడు. ఎవరైనా విప్పి మళ్ళీ అతికించారేమోనని డబ్బాను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. మాటలేమిటని నేనడిగేలోపే ఆ చిన్న అద్దం మీద ఒక ఇంగ్లీషు మాట వచ్చింది. వాడు కాగితం మీద రాసుకుని బొత్తాం నొక్కాడు. ఇంకొకటి వచ్చింది. అట్లా ఇరవై నాలుగు. ఆ వస్తువు పాడైనా, పోయినా, ఈ మాటలు వరసగా చెబితే కొత్తదాంట్లో అంతా తిరిగొస్తుందట. మాటలు తెలిసినవాడిదే సొత్తు. ఫోటో తీయకూడదు, ఫోన్లో కొట్టకూడదు, కంపెనీవాళ్ళమని ఎవరు అడిగినా చెప్పకూడదు.

అంతవరకూ వాడు చేసిందంతా సరిగ్గానే ఉంది. ఆ కాగితం యాడ పెట్టాలన్న దగ్గరే చిక్కొచ్చింది. కుప్పంలో ఉండేది అద్దె ఇల్లు, ఎప్పుడు ఖాళీ చేయాల్సి వస్తుందో తెలీదు. పుంగనూరులో మామగారి బీరువా తాళం ఏ మేకుకు తగిలిస్తారో ఇంటికొచ్చిన చుట్టాలందరికీ తెలుసు. మా ఇంట్లో చెదలు. వాడు కాగితం చేత్తో పట్టుకుని ఇల్లంతా చూసి, చివరికి నన్ను చూశాడు.

మా ఇంట్లో ఏది గుర్తుండాలన్నా నన్నే అడుగుతారు. నేను చదివింది మూడో తరగతి. చర్చిలో కంఠత వాక్యాలు చెప్పేటప్పుడు మాత్రం పెద్ద చదువుల పిల్లలు కూడా నా వెనకే. ఒకరు చదివి వినిపిస్తే చాలు, దానికో రాగం కట్టుకుంటాను, రాగం పోదు కాబట్టి మాటా పోదు. ఎవరి పెళ్ళికి ఎవరు ఏం చదివించారో, ఏ బిడ్డ ఏ వానలో పుట్టిందో అన్నీ నా దగ్గరే ఉంటాయి.

"నాకు ఇంగ్లీషు రాదు గదరా."

"రాకపోవడమే మంచిదక్కా. అర్థం తెలిస్తే మాట మారుస్తావు."

ఆ మధ్యాహ్నమంతా వాడు చదివాడు, నేను అందుకున్నాను. మా చర్చి స్త్రీల కూడికలో పాడే ఒక పాట రాగం వాటికి బాగా అతికింది. రిబ్బన్, వెల్వెట్, లాడర్, పిజన్ అని సాగుతుంది. మధ్యలో టమోటా కూడా ఒకటి వచ్చేసరికి నవ్వొచ్చింది. నేను పనిచేసేది టమోటా మండీలోనే, కాయలు ఏరడానికి. సాయంత్రానికి తప్పులేకుండా చెప్పేశాను. వాడు కాగితాన్ని పొయ్యిలో పెట్టాడు.

"అయ్యో, కాల్చేస్తివే?"

"కాగితమైతే కాలిపోతాది, తడిసిపోతాది. మా అక్క కాలదు."

"కాలను గానీ, పూడ్చేస్తారు గదరా ఒకరోజు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వే చివరిది.

ఆ ఆదివారం నుంచి వాడు కుప్పంలో బస్సెక్కి, పుంగనూరు మీదుగా మదనపల్లెకు రావడం మొదలుపెట్టాడు. వచ్చీ రాగానే లోపలి గది తలుపు గడియ పెడతాడు. నేను గోడవైపు తిరిగి పాడాలి, గొంతు బయటికి రాకుండా. అయిపోయాక వాడు ఒక పెద్ద ఊపిరి వదిలి, అప్పుడు కాఫీ అడుగుతాడు. మా ఇంటాయనకు హార్స్లీ హిల్స్ మీద రిసార్టులో పని. వారానికొకసారి దిగి వచ్చేవాడు. "అక్కా తమ్ముడూ తలుపేసుకుని ఏం మంతనాలు మే? నన్ను ఇంట్లోంచి తరమాలనా?" అని ఎగతాళి చేసేవాడు. ఆయనకు కూడా చెప్పగూడదు. కట్టుకున్నవాడి దగ్గర దాచింది నా బతుకులో అదొక్కటే.

తర్వాత ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చాయి. బండి వెనక కూర్చోవద్దన్నాడు. కొండమీదికి బస్సులో పోవద్దన్నాడు, ఆ మలుపులంటే వాడికి భయం. పెద్దతిప్పసముద్రంలో మా పెద్దమ్మ పోతే చూడటానికి పోయాను గానీ, దారి పొడుగునా వాడు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. నేను వాడి అక్కనో, వాడి బీరువానో నాకే తెలీకుండా పోయింది.

వానాకాలంలో నాకు జ్వరం తగిలింది. మిషన్ ఆసుపత్రిలో సెలైను పెట్టి పడుకోబెట్టారు. ఒళ్ళు కాలిపోతోంది. వాడు కుప్పం నుంచి పరుగున వచ్చి మంచం దగ్గర వంగాడు. "ఎట్లుండావక్కా" అంటాడనుకున్నాను.

"పదకొండో మాట ఏందక్కా?" అన్నాడు చెవిలో.

చెప్పాను. అప్పుడు నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆ ఏడుపు నా జ్వరానికో, ఆ మాట దొరికినందుకో నేనడగలేదు. పోతూపోతూ, "రోజుకు రెండుసార్లు అనుకుంటా ఉండక్కా, మనసులోనే" అని చెప్పిపోయాడు.

ఆ మాట ప్రకారం మండీలో కాయలేరేటప్పుడు అనుకోవడం మొదలుపెట్టాను. పైకి వినపడటం లేదనే నేననుకున్నాను. మండీలో మా పద్ధతి ఒకటుంది. కుప్ప చుట్టూ కూర్చుని పండు ఒకవైపు, దోరకాయ ఒకవైపు, దెబ్బతిన్నది ఒకవైపు వేస్తుంటాం. ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు. ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. అందుకోకపోతే ఎత్తుకున్న మనిషికి చిన్నతనం. నా పక్కన కూర్చునేది గంగవరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, మంచి గొంతు. ఒకరోజు నా వైపు తిరిగింది.

"అదేం పాట మే? టమోటా వస్తాండాదే దాంట్లో!"

"ఏం లేదులే."

"లేదంటావేంది, నాలుగు దినాలుగా వింటాండా. ఇంగ్లీషు పాటా? మాకు పాడకూడదా?"

నేను నోరు మూసుకున్నాను. ఆమె మూసుకోలేదు. రిబ్బన్, వెల్వెట్ అని ఎత్తుకుంది. ఎత్తుకుంటే అందుకోవడం మర్యాద కదా, కుప్ప చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా అందుకున్నారు. టమోటా దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒక్కసారిగా గొంతు పెంచి, చేతిలో కాయ పైకెత్తి నవ్వారు. కాయ కొనడానికి వచ్చిన ఒక కుర్ర వ్యాపారి ఫోన్ తీశాడు. "అమ్మా, ఇంకోసారి మొదట్నుంచి పాడండమ్మా, భలే ఉండాది" అని ఎదురుగా కూర్చుని మొత్తం వీడియో తీసుకున్నాడు. నా తమ్ముడి స్థలం ఆ ఫోన్లోకి పోతుంటే నేను చేతిలో కాయ పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఆపమంటే యాల, ఎందుకాపాల అని అడుగుతారు. యాల అంటే ఏం చెప్పాలి?

కొళాయి దగ్గరికి పోయి వాడికి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను. వాడు రైల్లో ఉన్నాడు, ఆ చప్పుడులోనే గొంతు తగ్గించి అడిగాడు.

"వరస తప్పు పాడినారా అక్కా?"

"నా దగ్గర నేర్చుకున్నోళ్ళు తప్పెట్ల పాడతారు రా?"

"అబ్బా, అక్కా..."

కొత్త వస్తువు ఇంకొకటి రావాలి, అందులో కొత్త మాటలు పుట్టించి సొత్తంతా దాంట్లోకి మార్చాలి అన్నాడు. అంతదాకా ఫోన్లోకి మార్చుకోమన్నాను. ఫోన్ను నమ్మనన్నాడు. కంపెనీ నుంచి డబ్బా వచ్చేదాకా నువ్వు మామూలుగా మండీకి పో, మానేస్తే ఏమైందని అడుగుతారు, పాట ఆపమంటే ఇంకా పట్టుకుంటారు అన్నాడు.

పోయాను. ఆ రోజులు నేను మర్చిపోలేను. ఆ వీడియో మా వీధి పిల్లల ఫోన్లలోకి కూడా వచ్చింది. ఇట్లాంటి మాటల సంగతి తెలిసినవాడు ఒక్కడు విన్నా చాలు, అంతా ఊడ్చేస్తాడు. కుప్ప దగ్గర కూర్చోగానే ఎవరో ఒకరు ఎత్తుకునేవారు. నేను అందుకోకపోతే, "ఏం మే, నీ పాటకు నువ్వే అలిగినావా?" అనేవారు. అందుకుంటే నా చేత్తోనే తలుపు తీసినట్టుండేది. ఒకరోజు ఉపాయం తోచి, గట్టిగా నేనే ఎత్తుకుని లాడర్, పిజన్ తారుమారు చేసి పాడాను. తప్పు పాటే అందరి నోళ్ళలో నిలుస్తుందని ఆశ. గంగవరం మనిషి చెయ్యెత్తి ఆపింది.

"అట్ల కాదు మే. లాడర్ ముందు, పిజన్ తర్వాత. జ్వరమొచ్చి మతి పోయినట్టుండాదే నీకు!"

అందరూ మళ్ళీ మొదట్నుంచి, సరిగ్గా పాడారు, నాకు నేర్పించడానికి.

డబ్బా వచ్చింది. మొదటి వస్తువు పుంగనూరులో మరదలి పుట్టింట్లో ఉండేది కాబట్టి అక్కడికే రమ్మన్నాడు. లోపలి సొత్తు ఇంకా ఉందో లేదో చూసేదాకా నన్ను మంచినీళ్ళు కూడా తాగనివ్వలేదు. నాకూ తాగబుద్ధి కాలేదు. ఉంది. ఎవరూ ముట్టలేదు. మరదలు కొంగుతో మొహం తుడుచుకుంది.

మరదలి మాట మీద ఈసారి రెండు స్టీలు పలకలు తెప్పించాడు. వాటి మీద అక్షరాలు గుద్దే మేకులు, సుత్తి. ఒక పలక ఇక్కడ, బీరువాలో కాదు, మరదలికి మాత్రమే తెలిసిన చోట, ఒకటి కుప్పం బ్యాంకు లాకర్లో. నీళ్ళకు తడవదు, నిప్పుకు కాలదు, చెదలు తినదు అంది మరదలు. కొత్త వస్తువు అద్దం మీద మొదటి మాట రాబోతుండగా వాడు తలెత్తి నన్ను చూశాడు.

"అక్కా, నువ్వు కాసేపు బయట కూర్చో."

వాడి మాటలో తప్పేమీ లేదు. నేనే అట్లా కోరుకున్నాను. అయినా ఆ అరుగు మీద కూర్చుని లోపల సుత్తి చప్పుడు వింటుంటే, ఇన్నాళ్ళూ నన్ను గదిలో పెట్టి గడియ పెట్టినవాడు ఇప్పుడు బయట పెట్టి గడియ పెట్టినట్టనిపించింది.

ముందు కొంచెమే పంపి చూశాడట, అద్దం మీద కొత్త వస్తువు చిరునామా అక్షరం అక్షరం సరిచూసి. అది చేరాక మిగతాది. అంతా కలిపి మరదలు వండిన అన్నం ఆరిపోయేంత సేపు కూడా పట్టలేదు. బయటికి వచ్చినప్పుడు వాడి మొహం చిన్నప్పటి మొహంలా ఉంది.

"అయిపోయిందక్కా. పాత మాటలకు ఇంక ఏం విలువ లేదు. నువ్వింక మర్చిపోవచ్చు."

"ఇంత కొంచెం సేపటి పనికేనా రా నన్ను అన్నాళ్ళు కట్టిపడేసినావు?"

వాడు చేతిలోని సుత్తి అరుగు మీద పెట్టాడు.

"సరే. మర్చిపోతా. ఎట్ల మర్చిపోవాలో అది గూడా నువ్వే నేర్పు."

మరదలు, "రాండి వదినా, ముందు తినండి" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

సాయంత్రం మదనపల్లె బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఊరు దాటకముందే రిబ్బన్ అని మొదలైంది. వద్దనుకుని కిటికీలోంచి చూశాను, వెల్వెట్ వచ్చింది. నాకు తెలిసిన కీర్తన ఒకటి పైకి తెచ్చుకుందామంటే, ఆ రాగంలోకి కూడా ఈ మాటలే వచ్చి కూర్చున్నాయి. పక్కన కూర్చున్న పెద్దావిడ కాసేపు నా పెదవుల వైపే చూసింది.

"ప్రార్థన చేసుకుంటాండావా అమ్మా?" అంది.

"అవునమ్మా" అన్నాను.