గడప బయట ఖాదర్ సార్

శుక్రవారం పొద్దున నాగర్‌కర్నూల్ బజారులో ఒక ఫకీరు దుకాణం దుకాణానికీ ఊదు పొగ వేసుకుంటూ పోతుంటాడు. ఆ వాసన తగలగానే వెనక్కి తిరిగి చూస్తాను. ఎవరో నన్ను గమనిస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి గద్వాల దర్గా దగ్గర ఆ రోజు గమనించింది నేనే.

ఖాదర్ సార్ గద్వాలలో మాకు డిగ్రీలో రాజనీతి శాస్త్రం చెప్పేవారు. కుర్రతనంలో స్కాలర్‌షిప్ మీద సోవియట్ దేశంలో చదివి వచ్చారు. అందుకే మా వామపక్ష విద్యార్థి సంఘం ఆదివారం క్లాసులకు ఆయన్ను పిలిచేది. మేం విప్లవం గురించి వినాలని కూర్చుంటే, ఆయన తమ హాస్టల్ ఎదుటి మసీదు గురించి చెప్పారు. దాని వాకిట్లో బెంచీ మీద సర్కారు మనిషి ఒకడు కూర్చుని, లోపలికి పోయేవాళ్ల పేర్లు రాసుకునేవాడట. సార్ చదువు ముగిసే నాటికి సోషలిస్టు సర్కారే మతంతో రాజీకి వచ్చింది. ఆ ఏడు పండగ నమాజులో అదే మనిషి ముందు వరుసలో కనిపించాడట.

"ఆయన మనసు మారి ఉండొచ్చు గద సార్?" అన్నాను.

"మారొచ్చమ్మా. కాని అక్కడ గూడ మెడ దిప్పి దిప్పి ఎవరొచ్చిండ్రు, ఎవరు రాలే అని జూస్తుండె" అని నవ్వారు.

ఆ నవ్వు మా సంఘం నాయకుడు నర్సింహన్నకు నచ్చలేదు. క్లాసయ్యాక నన్ను పక్కకు పిలిచాడు.

"చెల్లె, సారు గురువారం గురువారం దర్గాకు పోతుండంట. మనకు నాస్తికం జెప్పుకుంట అక్కడ మొక్కుతుండా ఏంది? జర నువ్వు జూసి రా."

అంతమందిలో నన్ను నమ్మాడని పొంగిపోయాను. గురువారం సాయంత్రం ఊరి బయటి దర్గా దగ్గర, ఊదు పొగలో, పూల దుకాణం పక్కన నిలబడ్డాను. సార్ తన ముసలి తల్లిని ఆటో దించి, గడప దాకా చెయ్యి పట్టుకుని నడిపించారు. ఆమె లోపలికి వెళ్లింది. ఆయన ఆమె చెప్పులు చేత పట్టుకుని అరగంట బయటే నిలబడ్డారు.

"పోయిండా?" అన్నాడు నర్సింహన్న మర్నాడు.

"పోయిండన్నా" అన్నాను. గడప సంగతి నోటి దాకా వచ్చింది. చెబితే, సారును వెనకేసుకొస్తోందని నన్నూ అనుమానిస్తారేమోనని మింగేశాను. సంఘం సార్ క్లాసులు ఆపేసింది. సార్ ఉండే వాడకట్టులోనూ, తల్లిని దర్గా దాకా తెచ్చి లోపలికి రాని ఈ మనిషి ఎటువైపని ఆయన్ను వింతగా చూసేవారని తర్వాత తెలిసింది.

చివరి పరీక్ష రోజు ఆయన గదికి వెళ్లాను. "సార్, ఆ రోజు చెప్పింది నేనే."

"తెల్సు. పూల దుకాణం కాడ నిన్ను మా అమ్మ గూడ జూసింది. పిల్ల పరేషాన్‌గ ఉన్నది, నీళ్లిద్దామా అన్నది."

నాకు కన్నీళ్లొచ్చాయి. "అబద్ధం చెప్పలేదు సార్."

"జెప్పలే. బెంచీ మీది మనిషి గూడ అబద్ధం రాయలేదు బిడ్డా. నువ్వు జూసింది జెప్పినవ్. జూడనిది జూడలేదని గూడ జెప్పాల్సుండె."

"మీరు లోపలికి ఎందుకు పోలేదు సార్?"

ఆయన జవాబు పత్రాల కట్ట పక్కకు జరిపారు. "అది నీకెందుకమ్మా?" అన్నారు, మెల్లగా.

సార్ పోయి మూడేళ్లయింది. నర్సింహన్న ఇప్పుడు వేరే పార్టీలో పదవిలో ఉన్నాడు. పోయినసారి దర్గా ఉర్సు ఉత్సవంలో, సమాధి మీద కప్పే చాదర్ నెత్తిన మోస్తున్న ఫోటో నాకు పంపాడు. మనసు మారిందేమో. నాకు మాత్రం ఆ ఫోటోలో అతని కళ్లు ఎటు చూస్తున్నాయో వెతకాలనిపించింది.

ఇప్పుడు నేనూ లెక్చరర్‌నే. మొన్న ప్రిన్సిపాల్ ఒక తోటి లెక్చరర్ మీద విచారణ నివేదిక రాయమన్నారు. పనివేళల్లో ప్రార్థనకు పోతోందని ఎవరో ఫిర్యాదు చేశారట. ఆమె మధ్యాహ్నం గేటు దాటడం చూశానని రాశాను. ఎక్కడికి వెళ్లిందో చూడలేదని, ఒక్క క్లాసూ తప్పలేదని కూడా రాశాను.

"ఏమీ తేల్చలేదు కదమ్మా మీరు?" అన్నారు ప్రిన్సిపాల్.

"నేను చూసింది అంతే సార్" అని సంతకం పెట్టాను. అప్పటి నుంచి ఆయన నన్నూ అనుమానంగానే చూస్తున్నారు. పంతొమ్మిదేళ్ల వయసులో ఆ చూపుకే భయపడ్డాను. ఇప్పుడూ భయమే. కాని సంతకం మాత్రం వెనక్కి తీసుకోలేదు.