రెండు చెవుల కుల్ల

పొద్దున తోపుడుబండి ఆమె ఒక బత్తాయిని అరచేతిలో ఎత్తి పట్టుకుని, "జర చూడమ్మా, పసిపోరగాని తలకాయంత ఉన్నది" అంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు తడిశాయి. బేరమాడకుండా ఆ ఒక్క కాయే కొనేసరికి ఆమె నన్ను అనుమానంగా చూసింది. బత్తాయికీ పసివాడి తలకూ పోలిక లేదని నందికొండలో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, మా కాలువల ఆఫీసు క్వార్టర్లలో నా ఎదురింట్లోకి ఒక కొత్త జంట దిగింది. ఆ అమ్మాయి మొదట నన్ను మేడం అనేది. వారం తిరక్కుండానే చింతకాయ తొక్కు గిన్నెతో వచ్చి అక్కా అంది. పెళ్లి చేసుకోకుండా, ఫైళ్లతో కాపురం చేస్తూ నలభై అయిదు దాటిన నన్ను అలా వరస కలిపి పిలిచినవాళ్లు అప్పటిదాకా లేరు. ఏడో నెలలో తొలికాన్పుకు నకిరేకల్‌లోని తల్లిగారింటికి పోతూ నా గడపలో నిలబడి, "అక్కా, పుట్టేటోనికి నువ్వు పెద్దమ్మ వరస. కుల్ల నువ్వే అల్లాలె" అని చెప్పి మరీ వెళ్లింది.

మా వైపు పసిపిల్లల టోపీని కుల్ల అంటారు. అల్లికలో నాకు చిన్నప్పుడు బడిలో టీచరమ్మ నేర్పిన చదరం ఒక్కటే వచ్చు. అదృష్టం కొద్దీ ఆ కుల్లకు అంతకంటే విద్య అక్కర్లేదు. పొడవాటి ముక్క ఒకటి అల్లి, సగానికి మడిచి, పక్కలు కుట్టేస్తే చాలు. పైన రెండు మూలలను దారంతో బిగించి కడితే పిల్లి చెవుల్లా లేచి నిలబడతాయి. కొలత దగ్గరే చిక్కొచ్చింది. పసిపిల్లలను దుప్పట్లో చుట్టి ఉండగా దూరం నుంచి చూడటమే తప్ప నేను ఎత్తుకున్నదాన్ని కాదు. బల్లమీది పళ్లలో అన్నిటికంటే పెద్ద బత్తాయిని ఎంచి, దానికి టేపు చుట్టి, పసుపు ఊలుతో వరసలు లెక్కపెట్టుకుంటూ అల్లాను.

కొడుక్కి అయిదో నెల రాగానే ఆమె వాణ్ణి తీసుకుని తిరిగొచ్చింది. కుల్ల వాడి నడినెత్తిన, ముంత మీద మూతలా కూర్చుంది. "ఏం కొలత తీసినవక్కా?" అని అడిగింది. చెప్పాను. నేలమీద కూలబడి నవ్వింది. "బత్తాయా! నా కొడుకు తలకాయ నీకు గంతే కనవడ్డదా?" అంటూ వాణ్ణి నా ఒళ్లో పడేసింది. ఈసారి దారంతో కొలిచాను. వాడు ఆ దారం కొస లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. వాడి నెత్తి మీది ఆముదం వాసన నాకింకా గుర్తుంది.

విప్పి మళ్లీ మొదలుపెట్టాను. చెవులు కట్టడమే మిగిలిందనగా వాళ్లాయనకు జడ్చర్లలో, మందుల కంపెనీలో పని దొరికింది. సామానుతో ఆటో ఎక్కుతూ, "నెలలోనే వస్తం అక్కా, గప్పుడు ఏసుకుంటడు" అంది. నెల పోయింది, చలికాలం వచ్చింది. ఏటా చలి మొదలుకాగానే, వాడి తల ఈపాటికి ఎంత ఉంటుందో ఊహించుకుని, కుల్ల విప్పి, కుట్లూ వరసలూ పెంచి అల్లేదాన్ని. పసుపు చాలక ఎర్ర ఊలు కలిపాను. ఫోన్లు మాత్రం పోనుపోను నేను చేస్తేనే.

పోయినేడు చేసినప్పుడు వాడే ఎత్తాడు. "అమ్మా, ఎవరో చేసిన్రు!" అని అరిచాడు. గిన్నెల చప్పుడు మధ్య కూడా ఆమె గొంతు స్పష్టంగానే వినిపించింది. "ఎనుకట మనింటి ఎదురుంగ ఉండే మేడం రా."

అందులో తప్పేమీ లేదు. తర్వాత ఫోన్ తీసుకుని అక్కా అనే పిలిచింది, తిన్నవా అని అడిగింది. పెట్టేశాక నేనే చాలాసేపు ఏడ్చాను. ఒంటరితనం నాకు కొత్త కాదు, కానీ ఒకరు వచ్చి పోయాక మిగిలేది వేరు. ఆ వారమే కుల్ల మొత్తం విప్పేసి, మళ్లీ మొదటి కొలతకే అల్లాను.

ఇవాళ దాన్ని బత్తాయికి తొడిగాను. సరిగ్గా సరిపోయింది. రెండు చెవులూ నిక్కపొడుచుకుని బల్లమీంచి నావైపే చూస్తోంది, కోసుకుని తిందామంటే చేతులు రావడం లేదు. అల్లికలో వరస తప్పితే ఊలు కొస పట్టుకుని మొదటికి రావచ్చు. కాలానికి ఆ కొస ఎక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు.